స్టార్ వార్స్ ఆరు చిత్రాల బ్లూ-రే సంపుటి: ముగింపు ముందే తెలిసిన కథలోని రుచి

జార్జ్ లూకస్ రూపొందించిన స్టార్ వార్స్ చిత్రాలలో మొదటి ఆరింటినీ ఒక్కచోట చేర్చి 2011 సెప్టెంబరులో విడుదల చేసిన బ్లూ-రే సంపుటిని గురించి ఈ సమీక్ష. ఇందులో మొత్తం 9 డిస్కులు ఉన్నాయి. ఆరింటిలో చిత్రాలు, మిగిలిన మూడింటిలో తొలగించిన సన్నివేశాలు, నిర్మాణ విశేషాలు ఉన్నాయి. ఏ సినిమానైనా సెల్‌ఫోనులో చూసుకోగలిగిన ఈ రోజుల్లో డిస్కులు కొని దాచుకోవడం దేనికని అమలాపురంలో నన్ను అడిగినవారు ఉన్నారు. ఈ చిత్రాలు ఒకసారి చూసి పక్కన పెట్టేసేవి కావనీ, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టుకుని, ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ, ఇక్కడి దృశ్యాన్ని అక్కడి దృశ్యంతో సరిచూసుకుంటేనే వీటి పనితనం బోధపడుతుందనీ వారికి చెబుతుంటాను. ఈ సమీక్ష కూడా ఆ పనితనం గురించే కనుక కథలోని మలుపులన్నీ ఇందులో బయటపడతాయి. ఇంకా చూడనివారు చూసిన తర్వాత చదవడం మేలు.

ముందుగా క్రమం సంగతి చెప్పాలి. 1977, 1980, 1983 సంవత్సరాలలో వచ్చిన మూడు చిత్రాలు కథాక్రమంలో 4, 5, 6 భాగాలు. 1999, 2002, 2005లో వచ్చిన మూడూ 1, 2, 3 భాగాలు. కొడుకు ల్యూక్ స్కైవాకర్ కథను ముందు చెప్పి, అతని తండ్రి అనాకిన్ నల్లముసుగు ప్రతినాయకుడు డార్త్ వేడర్‌గా ఎలా మారాడన్న కథను పదహారేళ్ల విరామం తర్వాత మొదలుపెట్టారు. 1999 చిత్రానికి ముందుగా వదిలిన పోస్టరులో ఎడారిలో నడిచి వస్తున్న చిన్న పిల్లవాడి నీడ, వెనుక గోడ మీద వేడర్ ఆకారంలో పడుతుంది. ఆ పిల్లవాడు ఏమవుతాడో ప్రపంచానికంతటికీ తెలుసునని ఒప్పుకుంటూ, అయినా రండి అని పిలిచిన పోస్టరు అది.

ముగింపు తెలిసిన కథను జనం ఎందుకు చూస్తారన్న ప్రశ్న గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు చూసి పెరిగినవారికి పుట్టదు. ఎండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా రాసిన పాండవోద్యోగ విజయాలను చూడటానికి తెల్లవార్లూ కూర్చున్నవారిలో, కురుక్షేత్రంలో గెలిచేదెవరో తెలియనివారు ఒక్కరూ ఉండరు. రాయబారం విఫలమవుతుందని తెలుసు. తెలిసే వస్తారు. సభలో కృష్ణుడు ‘జెండాపై కపిరాజు’ అందుకుని, రాబోయే యుద్ధంలో తాను తోలబోయే రథాన్నీ, దాని మీద గాండీవం పట్టిన అర్జునుణ్ణీ దుర్యోధనుడి కళ్లకు కట్టినప్పుడు, వినవలసినవాడు వినడం లేదనీ, విననవసరం లేని మనకు మాత్రం అంతా వినిపిస్తున్నదనీ కలిగే బాధే ఆ సన్నివేశపు రసం. ముందుసూచన అంటే ప్రేక్షకుణ్ణి ఊరించడమే అనుకునేవారు ఈ రెండో రకాన్ని మరచిపోతారు. లూకస్ తన మొదటి మూడు చిత్రాల్లో మొదటి రకాన్నీ, తర్వాతి మూడు చిత్రాల్లో రెండో రకాన్నీ ప్రయోగించాడు. రెండూ ఒకే సంపుటిలో ఉండటమే ఈ వస్తువు విలువ.

అయితే ఇదంతా మొదటినుంచీ పకడ్బందీగా వేసుకున్న పథకమని అభిమానులు చెప్పే మాటను నేను నమ్మను. 1977లో విడుదలైన చిత్రం ప్రారంభంలో భాగం సంఖ్యే లేదు. నాలుగో భాగమన్న శీర్షిక 1981లో తిరిగి విడుదల చేసినప్పుడు చేరింది. రెండో చిత్రానికి లీ బ్రాకెట్ 1978లో రాసిన తొలి చిత్తుప్రతిలో ల్యూక్ తండ్రి ఆత్మరూపంలో కనిపించి కొడుకుతో మాట్లాడతాడు. అందులో వేడర్ వేరే మనిషి. అంటే 1977 చిత్రంలో పినతల్లి బెరూ, ఈ పిల్లవాడిలో తండ్రి పోలికలు మరీ ఎక్కువని అన్నప్పుడు, తన భయమూ అదేనని ఆమె భర్త ఓవెన్ బదులిచ్చే మాట, రాసిననాడు బహుశా పొలం వదిలి పారిపోయే కుర్రవాడి గురించిన మాట మాత్రమే. మూడేళ్ల తర్వాత వేడర్ తానే తండ్రినని చెప్పగానే ఆ చిన్న సంభాషణ మొత్తం రంగు మారిపోయింది. అప్పట్లో అనాకిన్‌కూ తర్వాత ల్యూక్‌కూ గురువైన ఓబీ-వాన్ కెనోబీ, నీ తండ్రిని వేడర్ చంపాడని ల్యూక్‌తో చెప్పిన మాటకు 1983లో కొత్త భాష్యం చెప్పవలసి వచ్చింది. ఆ భాష్యం కాస్త సాగదీసినట్టే ఉంటుంది, ముసలాయన మొహం చూస్తే ఆయనకూ అది తెలుసనిపిస్తుంది. నాటిన విత్తనం మొలకెత్తడం ఒక నేర్పు. ఎక్కడో పడి ఉన్న గింజను వెతికి పట్టుకుని, ఇది నేను నాటినదే అనిపించేలా నీరు పోయడం ఇంకో నేర్పు. లూకస్‌ది ఎక్కువగా రెండోదే. అందుకు నేనాయనను తక్కువ చేయడం లేదు.

ఈ ఆరు చిత్రాల్లో సమాంతర కథనానికి శిఖరమని నేననుకునేది 2005 చిత్రం ఆరంభంలోని ఒక సన్నివేశం, 1983 చిత్రం చివరలోని ఒక సన్నివేశం. మొదటిదానిలో, పైకి ప్రభుత్వాధినేతైనా లోలోపల చీకటిపక్షపు గురువైన పాల్పటీన్ శత్రునౌకలో కుర్చీకి బంధించబడి ఉంటాడు. అతని వెనుక పెద్ద కిటికీ, కిటికీ అవతల అంతరిక్షయుద్ధం. ఎదురుగా అనాకిన్, కౌంట్ డూకూ కత్తులు దూస్తారు. 2002 చిత్రంలో అనాకిన్ కుడిచేతిని నరికినవాడు ఈ డూకూయే. ఇప్పుడు అనాకిన్ అతని రెండు చేతులూ నరికి, రెండు కాంతిఖడ్గాలను అతని మెడ దగ్గర కత్తెరలా పట్టుకుంటాడు. చంపెయ్యమని పాల్పటీన్ అంటాడు. మోకాళ్ల మీద ఉన్న డూకూ తన యజమాని వైపు తిరిగి చూసే చూపు ఒక్క క్షణమే, కాని ఆ క్షణంలో తన స్థానంలోకి రావలసినవాడు దొరికాడని అతనికి అర్థమవుతుంది. అనాకిన్ తటపటాయిస్తాడు, ఇది తప్పని తెలిసినవాడే, చంపేస్తాడు.

రెండోదానిలో అదే పాల్పటీన్ చక్రవర్తిగా సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. వెనుక అలాంటి కిటికీయే, అవతల అలాంటి యుద్ధమే. ఎదురుగా ల్యూక్, వేడర్. కోపం ఆపుకోలేని ల్యూక్ వేడర్ కుడిచేతిని నరుకుతాడు. చక్రవర్తి నవ్వుతూ దిగివచ్చి, తండ్రిని చంపి ఆ స్థానం తీసుకొమ్మంటాడు. డూకూ పడి ఉన్నచోట ఇప్పుడు వేడర్ పడి ఉన్నాడు. అనాకిన్ నిలబడినచోట అతని కొడుకు నిలబడ్డాడు. ల్యూక్ తెగిపడిన తండ్రి యాంత్రికహస్తాన్ని చూసి, నల్లని తొడుగు వేసుకున్న తన కృత్రిమహస్తాన్ని చూసుకుని, కత్తి విసిరి పారేస్తాడు. 1983లో థియేటరులో చూసినవారికి ఇది కొడుకు చేసిన ఒక మంచి నిర్ణయం. 2005 చిత్రం చూసి వచ్చినవారికి ఇది తండ్రి అదే గదిలాంటి గదిలో, అదే మనిషి మాట మీద, ఒకప్పుడు చేయలేకపోయిన పని. నేలమీద పడి చూస్తున్న వేడర్‌కు ఆ గది గుర్తుకు రాకుండా ఉండదు. ముసుగు మీద ఏ భావమూ కనిపించదు కనుక ఆ గుర్తును ప్రేక్షకుడే తెచ్చి అక్కడ పెట్టాలి. ఇరవైరెండేళ్ల తర్వాత తీసిన సన్నివేశం అంతకు ముందు తీసిన సన్నివేశానికి ప్రాణం పోయడమంటే ఇదే. రెండు డిస్కులను మార్చి మార్చి వేసి చూసినప్పుడు కెమెరా కోణాలు అచ్చుగుద్దినట్టు ఒకటి కావన్నది కూడా గమనించాను. అమరిక ఒకటే, నకలు మాత్రం కాదు.

దీనికి తోడుగా 2005 చిత్రంలో నాట్యశాల సన్నివేశం ఉంది. అక్కడ పాల్పటీన్ అనాకిన్‌కు ఒక కథ చెబుతాడు: ఒక సిత్ (చీకటిశక్తిని నమ్మిన వర్గం) గురువు తనవారిని మరణం నుంచి కాపాడే విద్య నేర్చాడనీ, చివరికి నిద్రలో శిష్యుడి చేతిలో చచ్చాడనీ, ఇతరులను కాపాడగలిగినవాడు తనను తాను కాపాడుకోలేకపోయాడనీ. భార్య చనిపోతుందన్న భయంలో ఉన్న అనాకిన్ మొదటి సగమే వింటాడు. మనం రెండో సగం వినాలి. ఆ శిష్యుడు ఎవరో చెబుతున్నవాడి పెదవి చివరి నవ్వులో ఉంది. గురువును శిష్యుడే చంపుతాడన్న నియమం చెబుతున్నవాడికి కూడా వర్తిస్తుందన్న సంగతి అతనికి తట్టదు. 1983లో వేడర్ చక్రవర్తిని ఎత్తి పడేసి కొడుకును బతికిస్తాడు, తాను బతకడు. ఆ కథ అక్షరాలా జరిగింది, కాని చెప్పినవాడు ఊహించని అర్థంలో. ఇంగ్లీషు అంతగా రాని మా మేనమామగారు ఈ సన్నివేశం చూస్తూ, “అమ్మడూ, వీడు చెబుతున్నది వీడి చావు సంగతే కదే?” అని నా కూతురిని అడిగారు. రాయబారం పద్యాలు నోటికి వచ్చిన మనిషికి అనువాదం అవసరం పడలేదు.

చిన్న సూచనలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకే స్థాయివి కావు. 1999 చిత్రం చివర క్వై-గాన్ జిన్ చితి దగ్గర, సిత్‌లు ఎప్పుడూ ఇద్దరే ఉంటారనీ, చచ్చినది గురువో శిష్యుడో తెలియదనీ పెద్దలు అనుకుంటుండగా కెమెరా మెల్లగా జరిగి పాల్పటీన్ దగ్గర ఆగుతుంది. ఇది సూచన కాదు, వేలు పెట్టి చూపించడం. కాని ఆ చితి మాత్రం మంచి సూచన: 1983లో ల్యూక్ తండ్రి దేహానికి నిప్పు పెట్టినప్పుడు ఆ పాత మంట మళ్లీ కనిపిస్తుంది. తండ్రిలేని పిల్లవాడిని చేరదీసిన గురువు చితితో మొదలైనది, కొడుకు పేర్చిన చితితో ముగుస్తుంది. 2002 చిత్రంలో ఓబీ-వాన్ విసుగుతో, నీ వల్ల నా ప్రాణం పోయేలా ఉందని అనాకిన్‌తో అనే మాటకు అందరూ నవ్వుతారు. ఓబీ-వాన్ వేడర్ చేతిలోనే చనిపోయే 1977 చిత్రం చూసినవారి నవ్వు కొంచెం ఆలస్యంగా ఆగిపోతుంది. అలాంటి చమత్కారం ఒక్కసారికే బాగుంటుంది, లూకస్ దాన్ని అక్కడితో ఆపలేదు.

చేతులు తెగడం గురించి అభిమానులు పట్టికలు వేశారు. నాకు అంతకంటే కలల సంగతి ముఖ్యంగా తోస్తుంది. 1980 చిత్రంలో ల్యూక్ శిక్షణ మధ్యలో స్నేహితులు బాధపడుతున్న దృశ్యాన్ని మనసులో చూస్తాడు. 2002లో అనాకిన్ తల్లి బాధపడుతున్నట్టు కలగంటాడు, 2005లో భార్య పద్మే ప్రసవంలో చనిపోతున్నట్టు కలగంటాడు. రాబోయేది ముందే కనిపించడమే ఇక్కడ ఉచ్చు. కథ ప్రేక్షకుడికి ఇచ్చే సూచననే పాత్రకు కూడా ఇస్తే ఆ పాత్ర ఏం చేస్తుందన్న ప్రశ్నను ఈ చిత్రాలు మళ్లీ మళ్లీ అడుగుతాయి. వృద్ధ గురువు యోడా ఇద్దరికీ దాదాపు ఒకే సలహా ఇస్తాడు, ఇద్దరూ వినరు. ల్యూక్ వెళ్లి చెయ్యి పోగొట్టుకుంటాడు; అనాకిన్ ఆ కలను తప్పించబోయి ఆ కల నిజం కావడానికి తానే కారణమవుతాడు. అంత నిక్కచ్చిగా అల్లిన తండ్రీకొడుకుల జంట మిగతా చిత్రాల్లో ఎక్కడా లేదు.

జాన్ విలియమ్స్ సంగీతం వినకుండా ఈ విషయం పూర్తి కాదు, నా ఉద్దేశంలో లూకస్ రచన తడబడిన చోటల్లా సూచనల భారం మోసింది ఆ సంగీతమే. వేడర్‌కు గుర్తుగా అందరూ ఎరిగిన సైనికవాద్యం 1977 చిత్రంలో లేదు, 1980లో పుట్టింది. 1999లో చిన్న అనాకిన్ కోసం ఒక లాలిపాట లాంటి స్వరం కట్టినప్పుడు, దాని చివర విలియమ్స్ ఆ సైనికవాద్యపు ఛాయను కలిపాడు. పిల్లవాడి అమాయకత్వాన్ని వింటున్నామనుకుంటూనే ఏదో బరువు తగులుతుంది, అది ఏమిటో వెంటనే తెలియదు. అదే చిత్రం చివర విజయోత్సవంలో పిల్లలు పాడే హుషారైన పాట, 1983లో చక్రవర్తికి కట్టిన భయంకరమైన స్వరానికే వెలుగుల వేషం. ఊరంతా ఎవరి గెలుపును పండగ చేసుకుంటున్నదో ఊరికి తెలియదు, పాటకు తెలుసు. 2002 చిత్రం చివర తెల్లకవచాల సైన్యం నౌకల్లోకి ఎక్కుతుండగా ఆ సైనికవాద్యం దాపరికం లేకుండా మోగుతుంది, వారు ఇంకా మంచివారి పక్షానే ఉన్నా. ఇక 1983లో వేడర్ కన్నుమూసేటప్పుడు అదే స్వరం నెమ్మదించి, చివరికి హార్ప్ తీగల మీద నాలుగు చుక్కలుగా రాలి ఆగిపోతుంది. చవక స్పీకర్లలో ఈ చివరిది వినపడదు, ఈ సంపుటిలోని ధ్వని నాణ్యతకు ఇచ్చిన డబ్బు ఇక్కడ తీరిపోయింది.

సమాంతర కథనంలో రెండో పార్శ్వం ఒకే సమయంలో జరిగే సంఘటనలను మార్చి మార్చి చూపించడం. ఇది కోనసీమ కాలువల మీద లాకుల దగ్గర వంతులవారీగా నీరు వదలడం లాంటి పని; ఏ చేనుకు ఎంతసేపన్నది తప్పితే శివారు ఎండిపోతుంది, ఎగువ మునిగిపోతుంది. 1983 చిత్రం చివర మూడు పాయలు: అడవిలో పోరు, అంతరిక్షంలో పోరు, సింహాసనం ముందు తండ్రీకొడుకులు. మూడోదానికి నీరు సరిగ్గా అందుతుంది, ఎందుకంటే మొదటి రెండింటిలోని ఓటమి భయమే చక్రవర్తి చేతిలో ల్యూక్ మీద ప్రయోగించే ఆయుధం. 1999 చిత్రం చివర నాలుగు పాయలు పెట్టారు. పచ్చికబయలులో గుంగన్ల సైన్యం, రాజభవనంలో రాణి బృందం, అంతరిక్షంలో పిల్లవాడు, లోపలి వంతెనల మీద ఇద్దరు జేడైలు (మంచి పక్షపు ఖడ్గవీరులు), ఎర్రకత్తి పట్టిన సిత్ మౌల్. క్వై-గాన్ ఒంట్లో కత్తి దిగిన కొద్దిసేపటికే హాస్యపాత్ర జార్ జార్ తడబడి దొర్లడం చూడవలసి రావడం, ఎగువ చేనుకు గండి కొట్టడమే. ఇది అభిరుచి తేడా కాదు, కూర్పులోని లోపమని నా అభిప్రాయం.

2005 చిత్రం ముగింపు ఆ లోపాన్ని దిద్దుకుంది. ముందు రెండు ద్వంద్వయుద్ధాలు: అగ్నిపర్వతాల మీద శిష్యుడూ గురువూ, సెనేట్ సభామందిరంలో యోడా, పాల్పటీన్. రెండోదానిలో సభ్యుల పీఠాలనే పెకలించి విసురుకోవడం మీద నాకు మొదట చిరాకు కలిగేది. చప్పట్ల మధ్య స్వేచ్ఛ చచ్చిపోయిందని పద్మే అన్న సభ అదేనని గుర్తు చేసుకున్నాక ఆ చిరాకు పోయింది. తర్వాత రెండు వైద్యశాలలు: ఒకచోట పద్మే కవలలను కని ప్రాణం వదులుతుంది, ఇంకొకచోట కాలిపోయిన అనాకిన్ ముఖం మీదకు ముసుగు దిగుతుంది. ఒకవైపు ఊపిరి ఆగుతుంది, ఇంకోవైపు యంత్రపు ఊపిరి మొదలవుతుంది. పద్మే చివరి మాటలు అనాకిన్‌లో ఇంకా మంచి ఉందన్నవే. 1983లో ల్యూక్ తండ్రి గురించి పట్టుబట్టి చెప్పేదీ అదే. తల్లి గొంతు ఎరగని కొడుకు తల్లి మాటను పూర్తి చేస్తాడు. ఆ విషయాన్ని ఏ పాత్రా గుర్తించి చెప్పకపోవడంలో లూకస్ అరుదుగా చూపిన నిగ్రహం ఉంది.

ఇంత జాగ్రత్తగా కట్టిన చోటే ఒక ముడి ఊడిపోయింది. 1983లో ల్యూక్ కవల సోదరి లేయా తన కన్నతల్లి తనకు లీలగా గుర్తుందనీ, తాను చాలా చిన్నగా ఉన్నప్పుడే ఆమె పోయిందనీ ల్యూక్‌తో చెబుతుంది. 2005 చిత్రం ప్రకారం ఆ తల్లి ప్రసవమైన వెంటనే చనిపోయింది. దీనికి అభిమానులు చెప్పే సమాధానాలు విన్నాను, ఒక్కటీ చిత్రంలో లేదు. పద్మేను మరికొన్నాళ్లు బతికించి ఉంటే ముసుగూ మరణమూ పక్కపక్కన వచ్చే ఆ కూర్పు దక్కేది కాదు. లూకస్ అమరికను ఎంచుకుని ముడిని వదులుకున్నాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఇప్పుడు ఈ సంపుటి మీద నా ప్రధానమైన ఫిర్యాదు. ఇందులో ఉన్నవి 1977, 1980, 1983లలో విడుదలైన రూపంలోని చిత్రాలు కావు. 1997లో, 2004లో చేసిన మార్పుల మీద 2011లో మరికొన్ని మార్పులు చేశారు. వాటిలో చాలావరకు అలంకారాలే, పట్టించుకోనక్కరలేదు. కొన్ని మాత్రం మనం మాట్లాడుకుంటున్న సూచనలనే దెబ్బతీశాయి. 1980 చిత్రంలో చక్రవర్తి వేడర్‌తో మాట్లాడే సన్నివేశాన్ని 2004లో నటుడు ఇయాన్ మెక్‌డయర్మిడ్‌తో మళ్లీ తీసి, ఈ కుర్రవాడు అనాకిన్ స్కైవాకర్ సంతానమని చెప్పించారు. అదెలా సాధ్యమని వేడర్ అడుగుతాడు. పాత రూపంలో స్కైవాకర్ కొడుకన్న మాట వరకే ఉండేది. కొత్త ప్రేక్షకుడికి వేడర్ ఆశ్చర్యం ఎందుకన్న అనుమానం ఇక్కడే మొలకెత్తుతుంది, చివర పడవలసిన పిడుగు సగం శబ్దం ముందే అయిపోతుంది.

అంతకంటే పెద్ద నష్టం 1983 చిత్రంలో. చక్రవర్తి మెరుపులకు కొడుకు విలవిలలాడుతుండగా, వేడర్ ముసుగు ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరగడం తప్ప ఏ మాటా లేకుండా, ఉన్నట్టుండి చక్రవర్తిని ఎత్తేస్తాడు. 2011 రూపంలో అక్కడ వేడర్ చేత వద్దు వద్దంటూ అరిపించారు. 2005 చిత్రం చివర భార్య పోయిందని విన్నప్పుడు వేడర్ పెట్టిన కేకకు ప్రతిధ్వనిగా దీన్ని పెట్టి ఉంటారు. ప్రతిధ్వని ఉన్న ప్రతిచోటా అర్థం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఆ మౌనంలో ప్రేక్షకుడు చేసుకునే పని ఒకటి ఉండేది: డూకూను తలుచుకోవడం, నాట్యశాల కథను తలుచుకోవడం, పద్మే మాటను తలుచుకోవడం. అరుపు ఆ పనిని లాగేసుకుంది. మా ఇంట్లో ఆ చోటు రాగానే శబ్దం తగ్గించేస్తాం. అలాగే చివర ఆత్మరూపంలో కనిపించే అనాకిన్‌గా ముసలి నటుడు సెబాస్టియన్ షా స్థానంలో 2004 నుంచి యువకుడు హేడెన్ క్రిస్టెన్సన్ ఉన్నాడు. మొదటి మూడు భాగాలతో ఇది కలుపుతుందన్నది నిజమే, కాని ల్యూక్ ముసుగు తీసి చూసిన ముఖం షాది. కొడుకు ఎరిగిన తండ్రి ఆయనే.

ఈ సంపుటిలో లేని 2015, 2017, 2019 నాటి మూడు చిత్రాల గురించి క్లుప్తంగా చెబుతాను. 2012లో డిస్నీ సంస్థ లూకస్‌ఫిల్మ్‌ను కొన్న తర్వాత వచ్చినవి ఇవి. 2015 చిత్రం 1977 నాటి ఎడారిని, చిన్న యంత్రంలో దాచిన రహస్యాన్ని, గ్రహాలను పేల్చే గోళాన్ని తిరిగి తెచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు అర్థం మారాలన్న సంగతి మరచిపోయింది, వంతెన మీద ల్యూక్ పాత స్నేహితుడు హాన్ సోలోను అతని కొడుకే చంపే సన్నివేశం ఒక్కటే మినహాయింపు. 2017 చిత్రం ఈ విద్యను అందరికంటే బాగా అర్థం చేసుకుంది: అందులో శిష్యుడు సింహాసనం ముందు గురువును చంపుతాడు, అయినా మారడు. 2019 చిత్రంలో పాల్పటీన్ తిరిగి వచ్చాడన్న వార్త ప్రారంభంలోని అక్షరాల్లోనే చెప్పేశారు. ముందు రెండు చిత్రాల్లో దానికి బీజం ఎక్కడా పడలేదు. ఆరు చిత్రాల సంపుటితో ఆగిపోవడంలో నాకు ఏ వెలితీ కనిపించలేదు.

కొనదలచినవారికి కొన్ని సంగతులు. డిస్కులు పుస్తకంలా తిరిగే అట్టపేజీలలో జొనిపి ఉంటాయి. మన డెల్టా తేమకు, ముఖ్యంగా వానాకాలంలో, అట్ట మెత్తబడుతుంది కనుక వేరే ప్లాస్టిక్ పెట్టెల్లోకి మార్చుకోవడం మంచిది. నా దగ్గరున్న ప్రతిలో తెలుగు మాటలు గాని తెలుగు అక్షరాలు గాని లేవు. ఇంట్లో పెద్దవారితో కలిసి చూసేవారు మధ్యమధ్య ఆపి చెప్పవలసి ఉంటుంది. ఆపడం వల్ల పోయేది లేదు, ఈ చిత్రాలు ఆపి మాట్లాడుకోవడానికి పనికొచ్చేవే.

డిస్కులు 1 నుంచి 6 వరకు కథాక్రమంలో పేర్చి ఉన్నాయి. ఆ వరసలో చూసిన మా మేనమామగారికి వేడర్ ఎవరన్నది మొదటినుంచీ తెలుసు కనుక ఆయన ఎదురుచూపంతా ఆ పిల్లవాడికి ఎప్పుడు తెలుస్తుందన్నదాని మీదే నిలిచింది. కృష్ణరాయబారం చూసే పద్ధతి అది. నా కూతురు విడుదలైన వరసలో చూసింది, 1980 చిత్రం చివర ఆమె నోట మాట రాలేదు. రెండు అనుభవాలనూ వదులుకోకూడదనుకునేవారికి నా సలహా: 4, 5 భాగాలు ముందు చూడండి, తండ్రి సంగతి తెలిసిన వెంటనే 1, 2, 3 భాగాల్లోకి వెనక్కు వెళ్లండి, చివర 6 చూడండి. అప్పుడు డూకూ సన్నివేశం, చక్రవర్తి గది సన్నివేశం వరసగా వచ్చే రెండు చిత్రాల్లో పడతాయి. మొదటిది ఇంకా కళ్లలో ఉండగానే రెండోది వస్తుంది.

ఆరో భాగానికి ముందు తొలగించిన సన్నివేశాల డిస్కులో ఒక్కటి తప్పక చూడవలసినది ఉంది. ముసుగు కప్పుకున్న ల్యూక్ ఒక గుహలో కూర్చుని కొత్త కాంతిఖడ్గాన్ని తయారుచేసుకుంటుంటాడు, దూరం నుంచి వేడర్ గొంతు అతన్ని పిలుస్తుంటుంది. 1983 చిత్రం ఆరంభం కోసం తీసిన ఈ సన్నివేశాన్ని చిత్రంలో ఉంచలేదు. ఉంచి ఉంటే ల్యూక్ కూడా తండ్రి దారిన పోతాడేమోనన్న అనుమానం మొదటి నిమిషాల్లోనే నాటుకునేది, నల్లబట్టల్లో అతను ముఠానాయకుడు జబ్బా కోటలోకి నడిచి వచ్చి కాపలావాళ్ల గొంతులను కనపడని చేతితో నొక్కే దృశ్యానికి ఇంకొంత చలి తోడయ్యేది.